రోడ్ బైకుకి 23, 25, 28... ఏ టైరు వేయాలి? చేతులు తిమ్మిరెక్కిపోతున్నాయి

పాతఫ్రేము
నాది పన్నెండేళ్ల నాటి అల్యూమినియం రోడ్ బైకు. రిమ్ బ్రేకులు, అంటే చక్రం అంచుని (రిమ్ముని) రెండు వైపులా నొక్కి పట్టేవి. కొన్నప్పటి నుంచీ 700×23 టైర్లే, అంటే 23 మిల్లీమీటర్ల వెడల్పువే, వాడుతున్నాను, గాలి ముందూ వెనుకా 110 పీఎస్ఐ. యాభై కిలోమీటర్లు దాటేసరికి రెండు చేతుల్లోనూ చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కిపోతున్నాయి. గ్లవ్స్ మార్చాను, హ్యాండిల్ టేపు కింద జెల్ వేశాను, సీటు ఎత్తు సరిచేసుకున్నాను. కాస్త తగ్గింది గానీ పోలేదు. పైగా మూడు నెలల్లో మూడు పంక్చర్లు, మూడూ వెనుక చక్రానికే.

నాతో తొక్కే ఒకాయన 32 వేసెయ్ అంటాడు. ఇంకొకాయన 25 దాటితే బైకు ఎద్దుబండి అయిపోతుందంటాడు. నా బరువు 78, బైకు 9 కిలోలు. వేగం తగ్గకూడదు, చేతులు బాగుండాలి. ఎవరి మాట వినాలో చెప్పండి.

సన్నటైరు
రెండో ఆయన మాటే వినండి. 25 వేసుకోండి చాలు. టైరు వెడల్పయ్యే కొద్దీ నేలకి ఎక్కువ అంటుకుంటుంది, బరువు పెరుగుతుంది, గాలిని ఎక్కువ కోస్తుంది. నేను పదిహేనేళ్లుగా 23 మీదే ఉన్నాను, ఏ ఇబ్బందీ లేదు.

గతుకులదారి
32 వేసిన రోజు నా ప్రాణం లేచొచ్చింది. ఇంకేం ఆలోచించకండి.

నూనెచేతులు
ఆగండి. ఆయనవి రిమ్ బ్రేకులు. టైరు పైనుంచి వంగి రిమ్ముని పట్టే మామూలు రోడ్ బైకు కాలిపర్ బ్రేకుల కింద 32 దూరదు. 28 దూరడమే చాలా ఫ్రేముల్లో అనుమానం. ముందు కొలతలు తీద్దాం, తర్వాత వాదించుకుందాం.

పాతఫ్రేము గారూ, ఇప్పుడున్న 23కి గాలి నిండా కొట్టి నాలుగు చోట్ల సందు చూడండి. ముందు బ్రేకు కింద, ఫోర్కు పైభాగం కింద, వెనుక బ్రేకు కింద, పెడల్ ఇరుసు వెనుక టైరుకి అటూ ఇటూ ఉండే రెండు గొట్టాల దగ్గర. స్కేలు అక్కడ దూరదు. అలెన్ కీలు (మిల్లీమీటర్ల సైజుల్లో దొరికే ఆరు పలకల బోల్టు తాళాలు) తీసుకుని ఒక్కొక్కటీ సందులో జారించండి. 5 దూరి 6 ఆగిపోతే మీ సందు అయిదుకీ ఆరుకీ మధ్య అన్నమాట. ఇంతకంటే నమ్మకమైన కొలబద్ద ఇంట్లో దొరకదు. కొత్త టైరు వేశాక చుట్టూ కనీసం 4 మిల్లీమీటర్లు మిగలాలి.

లెక్కలపిచ్చి
@సన్నటైరు, "ఎక్కువ అంటుకుంటుంది" అన్నది సరికాదు. టైరు నేలను తాకే వైశాల్యం ముఖ్యంగా దాని మీద పడే బరువు, లోపలి గాలి ఒత్తిడి, ఈ రెండింటి మీదే ఆధారపడుతుంది. వెనుక చక్రం మీద 45 కిలోలు పడుతూ లోపల 6 బార్ గాలి ఉంటే, అంటే సుమారు 87 పీఎస్ఐ, తాకే చోటు ఏడు చదరపు సెంటీమీటర్ల పైచిలుకు. 23 అయినా 28 అయినా దాదాపు అంతే. మారేది ఆకారం. సన్న టైరుది పొడవుగా సన్నగా ఉంటుంది, వెడల్పు టైరుది పొట్టిగా వెడల్పుగా ఉంటుంది. పొడవుగా ఉన్నప్పుడు టైరు పక్కలు ఎక్కువ మేర వంగుతాయి. శక్తి తినేది ఆ వంగడమే. అందుకే ఒకే గాలి ఒత్తిడిలో వెడల్పు టైరే తేలిగ్గా దొర్లుతుంది.

సన్నటైరు
ఒకే ఒత్తిడిలో అన్నారు కదా. కానీ 28లో ఎవరూ 110 కొట్టరు, తగ్గిస్తారు. తగ్గిస్తే ఆ లాభం పోదా?

లెక్కలపిచ్చి
నున్నటి ఇనుప డ్రమ్ము మీద తిప్పి కొలిస్తే చాలావరకు పోతుంది, నిజమే. కానీ మనం డ్రమ్ము మీద తొక్కం కదా. రోడ్డు గరుకుగా ఉంటే గట్టి టైరు ప్రతి చిన్న రాయికీ బైకునీ మనిషినీ కలిపి పైకెత్తుతుంది. ఆ ఎత్తడానికి పోయే శక్తి మన కాళ్లలోదే. చివరికది మన కండల్లో, చేతుల్లో వేడిగా మారి పోతుంది. అంటే పాతఫ్రేము గారి వేళ్ల తిమ్మిరీ ఆయన పోగొట్టుకుంటున్న వేగమూ ఒకే చోటి నుంచి వస్తున్నాయి. డ్రమ్ము పరీక్షలో పైన మనిషి ఉండడు, అందుకే గాలి పెంచే కొద్దీ మంచిదన్నట్టు అంకెలు వస్తాయి. రోడ్డు మీద ఒక హద్దు దాటాక గాలి పెంచితే వేగం తగ్గుతుంది.

వేకువసవారీ
ఇది నా అనుభవంలో చూశాను. నా బరువు 52 కిలోలు. అందరూ చెప్పారని 25లో 100 కొట్టి తొక్కేదాన్ని. దిగుడులో గరుకు రోడ్డు వస్తే హ్యాండిల్ చేతుల్లో గిలగిల్లాడేది, బ్రేకు పట్టుకోవాలంటే భయం. 28 మార్చి 58కి దించాను. ఇప్పుడు అదే దిగుడులో బ్రేకు వేళ్ల కిందే ఉంటుంది. సగటు వేగం తగ్గలేదు, దిగుడుల్లో పెరిగింది కూడా. తక్కువ బరువున్నవాళ్లు టైరు మీద అచ్చువేసిన గరిష్ఠ అంకె చూసి గాలి కొట్టకండి. అది టైరు తట్టుకోగల హద్దు, మనకిచ్చిన సలహా కాదు.

నిండుబరువు
నాది అవతలి కొస. 96 కిలోలు. 23 టైర్లు వాడిన రోజుల్లో నా ట్యూబుల మీద రెండేసి చీలికలు పక్కపక్కనే ఉండేవి, పాము కాటు వేసినట్టు. మేకు గుచ్చుకుంటే ఒకటే రంధ్రం పడుతుంది. రెండు పడ్డాయంటే గుంత అంచుకి తగిలి టైరు అణిగిపోయి, రిమ్ము రెండంచులూ ట్యూబుని కొరికాయన్నమాట. పాతఫ్రేము గారూ, మీ పాత ట్యూబులు పారేయకపోతే ఒకసారి చూడండి. రెండు చీలికలుంటే మీ పంక్చర్లకి కారణం మేకులు కావు.

పాతఫ్రేము
ట్యూబులు ఉన్నాయి. ఇప్పుడే బకెట్లో ముంచి చూశాను. రెండింటికి జంట చీలికలే, ఒక సెంటీమీటరు ఎడంలో. మూడోదానికి మాత్రం ఒకటే రంధ్రం. కానీ నేను 110 కొడుతున్నాను కదా, అంత గట్టి టైరు ఎలా అణుగుతుంది?

నిండుబరువు
ఎన్నాళ్లకోసారి కొడుతున్నారు?

పాతఫ్రేము
ఆదివారం కొడతాను. వారమంతా తొక్కుతాను.

నిండుబరువు
అదే. మామూలు రబ్బరు ట్యూబు కూడా రోజూ కొంచెం కొంచెం గాలి వదులుతుంది. 23లో ఉండేదే కాసింత గాలి, అందుకే ఒత్తిడి తొందరగా పడిపోతుంది. శుక్రవారానికి మీ టైరులో ఎంత ఉందో మీరు చూసి ఉండరు. లాటెక్స్ ట్యూబులైతే ఒక్క రాత్రిలోనే తేడా తెలిసిపోతుంది. తొక్కే ప్రతిరోజూ పంపు పెట్టి చూసుకోండి.

లెక్కలపిచ్చి
దీనికి లెక్క కూడా ఉంది. టైరులో పట్టే గాలి సుమారుగా వెడల్పు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 23 నుంచి 28కి వెళ్తే వెడల్పు పెరిగేది 22 శాతమే, లోపలి చోటు పెరిగేది 48 శాతం. గుంత తగిలినప్పుడు రిమ్ము దాకా అణగడానికి ఎత్తు కూడా ఎక్కువుంటుంది.

చువ్వ36
ఒక సందేహం. నా బైకులో 28 అని రాసిన టైరు వేస్తే వెర్నియర్ కాలిపర్‌తో 29.6 వచ్చింది. తయారీ లోపమా?

నూనెచేతులు
లోపం కాదు, మీ రిమ్ము వెడల్పుది. లోపలి వెడల్పు ఎంత?

చువ్వ36
21.

నూనెచేతులు
అయితే సరిగ్గానే వచ్చింది. ఇది అందరికీ పనికొస్తుంది కాబట్టి కాస్త పొడవుగా రాస్తున్నాను.

టైరు మీద 28-622 అని ఉంటుంది. 622 అంటే టైరు అంచు కూర్చునే చోట రిమ్ము వ్యాసం, మిల్లీమీటర్లలో. మనం 700సి అని పిలిచేది దాన్నే. అందులో తేడా రాదు. మొదటి అంకె మాత్రం ఒక నిర్ణీత వెడల్పు రిమ్ము మీద కొలిచిన అంకె. టైరంటే రెండు అంచుల మధ్య వంగిన గుడ్డ. అంచులు ఎడంగా కూర్చుంటే వెడల్పవుతుంది, దగ్గరగా కూర్చుంటే సన్నబడి నిలువుగా లేస్తుంది. రిమ్ము లోపలి వెడల్పు ఒక మిల్లీమీటరు పెరిగితే టైరు దాదాపు 0.4 నుంచి 0.5 వరకు పెరుగుతుంది. పాత రోడ్ రిమ్ములు లోపల 13 నుంచి 15 ఉండేవి. తర్వాత 17, 19 వచ్చాయి. ఇప్పుడు 21, 23, 25 కూడా మామూలైపోయాయి. అదే టైరు మీ రిమ్ము మీద 29.6, పాతఫ్రేము గారి రిమ్ము మీద ఇరవై ఆరున్నరో ఇరవై ఏడో రావచ్చు.

అందుకని "నాకు 28 పట్టింది, నీకూ పడుతుంది" అని ఎవరైనా అంటే వెంటనే వాళ్ల రిమ్ము కొలత అడగండి.

సందు ఎందుకు వదలాలో చెబుతాను. నా కార్బన్ ఫ్రేముకి వెనుక రెండు మిల్లీమీటర్ల సందుతో టైరు వేసి తొక్కాను. తిరుగుతోంది కదా, చాలనుకున్నాను. ఒక వాన రోజున టైరుకి సన్నటి ఇసుక అంటుకుంది. గర్రుమనే చప్పుడు విన్నాను, కానీ ఆగలేదు. ఇంటికొచ్చి చక్రం విప్పితే గొట్టం లోపలి వైపు రంగు పోయి, దాని కింద కార్బన్ పోగులు నల్లగా మెరుస్తున్నాయి. వేలు పెడితే గుంటలా తగిలింది, అంతా బొటనవేలి గోరంత. ఆ ఫ్రేము మీద మళ్లీ నమ్మకంగా తొక్కలేకపోయాను. ఈ వేదికలో ఎవరి ఫ్రేమూ అలా కాకూడదు.

ఎత్తుపల్లం
ఇంకొకటి, రిమ్ము కొంచెం వంకరపోయినా, చువ్వ ఒకటి తెగినా చక్రం పక్కకి ఊగుతుంది. ఆ ఊగే చోటు కూడా 4 మిల్లీమీటర్లలోనే చూసుకోవాలి.

పాతఫ్రేము
కొలిచాను. రిమ్ము మీద 622×15సి అని ఉంది. ముందు బ్రేకు కింద 5 దూరింది, 6 దూరలేదు. వెనుక బ్రేకు కింద 8 దూరింది. వెనుక గొట్టాల దగ్గర టైరుకి అటూ ఇటూ 6 చొప్పున.

నూనెచేతులు
చక్కటి కొలతలు. 15 రిమ్ము మీద 28 టైరు 26.6 వస్తుందనుకుందాం. అటూ ఇటూ 1.8 చొప్పున పెరుగుతుంది, ఎత్తు మూడున్నర దాకా పెరుగుతుంది. వెనుక గొట్టాల దగ్గర 4.2, బ్రేకు కింద 4.5 మిగులుతాయి. సరిపోతుంది. ముందు మాత్రం ఒకటిన్నరే మిగులుతుంది, వద్దు. ముందు 25 వేయండి, వేశాక అక్కడ 4 దూరుతుందో లేదో చూసుకోండి.

పాతఫ్రేము
ముందొకటి, వెనుకొకటా? చూడటానికి బాగుంటుందా?

నిండుబరువు
శరీరం బరువులో ఎక్కువ వాటా వెనుక చక్రం మీదే పడుతుంది, సుమారు 55 నుంచి 60 శాతం దాకా. వెనుక వెడల్పు టైరు వేయడం దానికి తగిన పనే. నేనూ కొన్నాళ్లు అలాగే తొక్కాను. ఎవరూ కనిపెట్టలేదు.

సన్నటైరు
ఇందులో నాకు అభ్యంతరం లేదు. ముందు చక్రమే గాలిని మొదట కోసేది, అది సన్నగా ఉంటే నయం. గాలిని తేలిగ్గా చీల్చడానికి లోతుగా చేసిన రిమ్ములు వాడేవాళ్లు ఒక పాత సూత్రం గుర్తుంచుకోవాలి. రిమ్ము బయటి వెడల్పు టైరు అసలు వెడల్పు కన్నా కనీసం 5 శాతం ఎక్కువుండాలి. టైరు రిమ్ముని మించి ఉబ్బితే లోతు రిమ్ము వల్ల వచ్చే లాభం తగ్గిపోతుంది.

గతుకులదారి
గంటకి 40 కిలోమీటర్లతో ఒంటరిగా పోటీ తొక్కేవాడికి అది ముఖ్యమే. చేతులు తిమ్మిరెక్కుతున్న మనిషికి?

సన్నటైరు
ఆయన వేగం తగ్గకూడదన్నారు, అందుకే చెప్పాను. నేను ఎవరినీ తప్పుదారి పట్టించడం లేదు.

ఎత్తుపల్లం
పోటీల్లో కూడా కాలం మారింది. ఒకప్పుడు 23 కన్నా సన్నవే వాడేవారు, తర్వాత ఏళ్ల తరబడి 23 నడిచింది, తర్వాత 25, ఇప్పుడు 28 మామూలు. ఫ్రాన్సులో జరిగే ప్యారిస్-రూబే పోటీ రాళ్ల దారిలో 30, 32, ఇంకా వెడల్పువి కూడా వేస్తారు. డిస్క్ బ్రేకులు వచ్చాక కాలిపర్ అడ్డు పోయింది, అందుకే ఈ మార్పు వేగంగా జరిగింది. వేగమే జీవనాధారమైనవాళ్లు ఊరికే వెడల్పుకి మారరు.

పాతఫ్రేము
(పది రోజుల తర్వాత) ముందు 25, వెనుక 28 వేశాను. రెండు సార్లు అరవై కిలోమీటర్లు తొక్కాను. నిజం చెబుతున్నాను, నాకేమీ తేడా తెలియలేదు. వేళ్ల తిమ్మిరి అలాగే ఉంది. వెనుక నుంచి ఇంకా గట్టిగా కొడుతున్నట్టుంది. నిరాశగా ఉంది.

వేకువసవారీ
గాలి ఎంత పెట్టారు?

పాతఫ్రేము
ఎప్పటిలాగే 110. వెనుక టైరు మీద గరిష్ఠం 116 అని ఉంది, అంతకు తక్కువే కదా.

వేకువసవారీ
అయ్యో! అదే అసలు కారణం. మీరు టైరు మార్చారు, గాలి మార్చలేదు.

లెక్కలపిచ్చి
ఇంకా గట్టిగా అనిపించడం మీ భ్రమ కాదు. టైరు గుడ్డ మీద పడే బిగువు ఒత్తిడిని, వెడల్పుని గుణిస్తే వచ్చేదాన్ని బట్టి ఉంటుంది. 23 × 110 అంటే 2530. 28 × 110 అంటే 3080. పాతదానికన్నా బిగుసుకున్న టైరు మీద తొక్కుతున్నారు. పాత బిగువు రావాలంటేనే 28లో 90కి దించాలి. మెత్తదనం కావాలంటే ఇంకా దించాలి. నేను మొదట్లో రాసింది సగమే, దించాలన్న మాట గట్టిగా చెప్పి ఉండాల్సింది.

నూనెచేతులు
తప్పు నాదీ ఉంది, సందు గురించి అంత రాసి గాలి గురించి చెప్పలేదు. మీ బరువుకి ముందు 80, వెనుక 84తో మొదలుపెట్టండి. ఒకే దారిలో తొక్కండి, ప్రతిసారీ రెండేసి పీఎస్ఐ దించుతూ పోండి. మలుపులో టైరు పక్కకి జారుతున్నట్టు అనిపించినా, గుంత అంచుకి రిమ్ము టక్కుమని తగిలినా మూడు నాలుగు పెంచి ఆగిపోండి. మీది సన్న రిమ్ము, దాని మీద వెడల్పు టైరు బల్బులా ఉబ్బి కూర్చుంటుంది, కాబట్టి మరీ దించితే మలుపుల్లో ఊగుతుంది. ఎప్పుడూ ఒకే పంపు వాడండి. పంపుల మీటర్లు ఒకదానికొకటి నాలుగైదు పీఎస్ఐ తేడా చూపించడం మామూలే.

చువ్వ36
అయితే నేనూ అడుగుతాను. నా రెండో చక్రాలు హుక్‌లెస్ రిమ్ములు. 80 కొట్టవచ్చా?

నూనెచేతులు
వద్దు, దయచేసి వద్దు. హుక్‌లెస్‌లో గరిష్ఠం 5 బార్, అంటే 72.5 పీఎస్ఐ. టైరు అంచుని పట్టుకునే కొక్కెం ఆ రిమ్ముకి ఉండదు. హుక్‌లెస్‌కి పనికొస్తుందని టైరు కంపెనీ చెప్పిన టైరే వేయాలి, రిమ్ము కంపెనీ ఇచ్చిన కనీస వెడల్పు కన్నా సన్నది వేయకూడదు. మిగతా విషయాల్లో ఇష్టం వచ్చినట్టు ప్రయోగాలు చేసుకోండి, ఇందులో మాత్రం చేయకండి. దిగుడులో టైరు ఊడితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

నిండుబరువు
72.5 హద్దు కాబట్టి నాలాంటి బరువు మనిషి హుక్‌లెస్ తీసుకుంటే 30, 32 వేయాల్సిందే. నేను 32లో 70తో తొక్కుతున్నాను.

ఎత్తుపల్లం
పాతఫ్రేము గారూ, 28లో పాత ట్యూబే వేశారా? ట్యూబు పెట్టె మీద 18-25 అని ఉంటే అది 28లో సాగి పలచబడుతుంది. 25-32 అని ఉన్నది వేయండి. స్పీడోమీటరు అయస్కాంతంతో పనిచేసేదైతే చుట్టుకొలత కూడా మార్చాలి. 23కి 2096, 25కి 2105, 28కి 2136 అని పట్టికల్లో ఉంటుంది. సెన్సరు ఏ చక్రానికి ఉంటే ఆ చక్రం అంకె వేయాలి. వెనుక 28 వేసి 2096 వదిలేస్తే నూరు కిలోమీటర్లకి దాదాపు రెండు కిలోమీటర్లు తక్కువ చూపిస్తుంది.

గతుకులదారి
అంటే "వెడల్పు టైరుతో వేగం తగ్గింది" అన్నవాళ్లలో కొంతమందిది స్పీడోమీటరు లెక్కే అయి ఉండొచ్చు!

సన్నటైరు
ఇది చదివాక లేచి వెళ్లి నా 23లో గాలి చూశాను. 118 ఉంది. నా బరువు 64. రేపు 95కి దించి తొక్కి చూస్తాను. టైరు మాత్రం మార్చను.

వేకువసవారీ
మార్చకండి, ముందు గాలి చూడండి. మీకెలా అనిపించిందో ఇక్కడ రాయండి, నాకు తెలుసుకోవాలని ఉంది.

పాతఫ్రేము
(మూడు వారాల తర్వాత) ముందు 80, వెనుక 84తో మొదలుపెట్టి దించుకుంటూ వచ్చాను. ముందు 74కి వచ్చేసరికి నిలబడి బ్రేకు కొట్టినప్పుడు టైరు అణిగినట్టు అనిపించింది, 78కి పెంచాను. వెనుక 80 దగ్గర ఆగాను. ట్యూబు కూడా 25-32ది వేశాను, ఎత్తుపల్లం గారికి ధన్యవాదాలు. వెర్నియర్‌తో కొలిస్తే వెనుక టైరు 26.7, ముందుది 24.4. వెనుక గొట్టాల దగ్గర 4 అలెన్ కీ అటూ ఇటూ హాయిగా జారుతోంది.

నిన్న ఎనభై రెండు కిలోమీటర్లు. అరవై దాటాక కుడి చేతి చిటికెన వేలు కాస్త మొద్దుబారింది, చెయ్యి మార్చి పట్టుకుంటే పోయింది. ఎడమ చేతికి ఏమీ లేదు. దిగాక టీషర్టు గుండీలు నా వేళ్లతో నేనే విప్పుకున్నాను, ఈ సంవత్సరంలో ఇదే మొదటిసారి. నా మొదటి జంట చీలికల పంక్చరు పడింది వంతెన మీద అతుకు దగ్గర. రోజూ దాని దగ్గర సీటు మీంచి లేచేవాణ్ని. నిన్న మాటల్లో పడి మర్చిపోయి కూర్చునే దాటేశాను. ధబ్బుమంది, అంతే. ఆగి టైరు నొక్కి చూశాను, గట్టిగానే ఉంది.

సగటు వేగం పాతదానికన్నా గంటకి 0.4 ఎక్కువ. గాలి అనుకూలంగా వీచిందేమో, అందుకే దాన్ని లెక్కలో వేసుకోవడం లేదు.

లెక్కలపిచ్చి
అదే దారిలో ఇంకో నాలుగుసార్లు తొక్కి అంకెలు పెట్టండి. నేను కూర్చుని లెక్క కడతాను.

సన్నటైరు
95 తర్వాత 92 కూడా చూశాను. అక్కడే ఉంటున్నాను. 25 టైర్లు ఒక జత చూసిపెట్టాను, నా రిమ్ము లోపలి వెడల్పు 17. సందు కొలిచి రేపు రాస్తాను, నూనెచేతులు గారు ఒకసారి చూడండి.

నూనెచేతులు
రాయండి. కొలిచే ముందు గాలి నిండా కొట్టండి, చక్రం ఒక చుట్టు తిప్పి ఎక్కడ సందు అన్నిటికన్నా తక్కువుందో అక్కడే కొలవండి.